డాబా మీది టెలిస్కోపుతో గ్లోబ్యులర్ క్లస్టర్లు: మసక మచ్చలో చుక్కలు చూడడం, ఫోటో తీయడం ఎలా?

టెలిస్కోపు కొన్న కొత్తలో దాదాపు అందరూ ఎం13 అనే నక్షత్రాల గుంపు గురించి ఒకే ప్రశ్న అడుగుతారు. "ఎం13 దొరికింది సార్, కానీ మసక మచ్చలా ఉంది. ఫోటోల్లో కనిపించే చుక్కలేవీ?" కొన్నాళ్లు పోయాక అదే మనిషి ఇంకోటి అడుగుతాడు. "ఫోటో తీస్తే మధ్యలో తెల్లటి ముద్ద వస్తోంది, ఎందుకు?" కంటితో చూసేటప్పుడు పవర్ (బొమ్మను ఎన్ని రెట్లు పెద్దది చేస్తున్నామో ఆ లెక్క) తక్కువ పెడుతున్నారు, ఫోటో తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ (కెమెరా వెలుగు పట్టే సమయం) ఎక్కువ పెడుతున్నారు. ఈ రెండూ అటుదిటు చేస్తే సగం సమస్య తీరిపోతుంది. మిగతా సగం ఏమిటో వరసగా చెబుతాను.

గ్లోబ్యులర్ క్లస్టర్ అంటే లక్షల కొద్దీ ముసలి నక్షత్రాలు తమ ఆకర్షణతోనే గోళంలా గుమిగూడిన గుంపు. మన పాలపుంతలో ఇలాంటివి 150కి పైగా ఉన్నట్టు తెలుసు. పేర్లలోని ఎం అంటే మెస్సియర్ అనే ఆయన చేసిన జాబితా, పక్కది అందులో వరస సంఖ్య. సిటీలో ఉండేవాళ్లకు వీటికి మించిన గురి లేదని నా అభిప్రాయం. గెలాక్సీలు, నెబ్యులాలు వీధి లైట్ల వెలుగులో కొట్టుకుపోతాయి. ఇవి చుక్కల గుంపులు కాబట్టి ఆ వెలుగును కొంత తట్టుకుంటాయి.

మనం ఉన్న చోటు కూడా కలిసొస్తుంది. ఆకాశంలో అతి ప్రకాశవంతమైన గ్లోబ్యులర్ ఒమేగా సెంటారీ. సుమారు 17,000 కాంతి సంవత్సరాల దూరంలో, కోటి దాకా నక్షత్రాలతో ఉంటుంది. యూరప్‌లో చాలామందికి అది అసలు ఉదయించదు. సిడ్నీలో ఉన్నవాళ్లకేమో ఎం13 ఉత్తరాన 20 డిగ్రీలు కూడా లేవదు (దిగంతం 0 డిగ్రీలు, నడినెత్తి 90). హైదరాబాదులో ఒమేగా దక్షిణాన 25 డిగ్రీల ఎత్తుకు, ఎం13 ఉత్తరాన 71 డిగ్రీల ఎత్తుకు వస్తాయి. తిరుపతిలో అయితే ఒమేగా దాదాపు 29 డిగ్రీలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడుగుతుంటారు కాబట్టి అది కూడా చెప్పేస్తాను. డల్లాస్‌లో ఒమేగా 10 డిగ్రీల దాకా వస్తుంది, దక్షిణం పూర్తిగా ఖాళీగా ఉంటే ప్రయత్నించండి. న్యూజెర్సీలో మాత్రం ఆశ వదులుకోండి.

ఏమేం కావాలి

- టెలిస్కోపు. 6 లేదా 8 అంగుళాల డాబ్సోనియన్ (కింద పెట్టె మీద చేత్తో తిప్పే అద్దం రకం టెలిస్కోపు) అయితే చుక్కలు హాయిగా విడతాయి. 130 మిల్లీమీటర్ల చిన్న రిఫ్లెక్టర్‌తో (అద్దం రకం) అంచుల్లో చుక్కలు కనిపిస్తాయి. 70 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్‌తో (లెన్సు రకం) గుంపు కనిపిస్తుంది గానీ చుక్కలు ఆశించకండి.
- రెండు ఐపీసులు (కన్ను పెట్టి చూసే లెన్సులు). వెతకడానికి 25 మి.మీ., చూడడానికి 8 నుంచి 10 మి.మీ. పవర్‌ను రెట్టింపు చేసే 2ఎక్స్ బార్లో లెన్సు ఉంటే ఇంకా మంచిది.
- 10x50 బైనాక్యులర్. తప్పనిసరి కాదు, కానీ ఒమేగాను వెతకడానికి ఇదే దగ్గరి దారి.
- ఎర్ర లైటు. ఫోను టార్చికి ఎర్ర సెల్లోఫేన్ కాగితం రెండు మడతలు చుట్టినా సరిపోతుంది.
- ముదురు రంగు తువ్వాలు. ఎందుకో కింద చెబుతాను.
- కుర్చీ. నిలబడి వంగి చూసేవాళ్లు రెండు నిమిషాల్లో విసుగెత్తి వదిలేస్తారు. ఈ క్లస్టర్లు ఓపిగ్గా చూస్తేనే విప్పుకుంటాయి.

కొనక్కర్లేనిది కూడా ఒకటుంది, లైట్ పొల్యూషన్ ఫిల్టర్. నెబ్యులాలకు అది పనికొస్తుంది. నక్షత్రాల కాంతి మాత్రం అన్ని రంగుల్లోనూ వస్తుంది కాబట్టి ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు చుక్కలు కూడా మసకబారతాయి. ఆ డబ్బుతో మంచి ఐపీసు కొనుక్కోండి.

ఏ నెలలో దేన్ని చూడాలి

మన వానాకాలం వీటి మీద పగబట్టినట్టే ఉంటుంది. వృశ్చికం, ధనుస్సు రాశుల్లోని మంచి క్లస్టర్లన్నీ సాయంత్రం వేళకు ఎత్తుకు వచ్చేసరికి మబ్బులు కమ్ముకుంటాయి. అందుకే మన సీజన్ ఫిబ్రవరి నుంచి మే దాకా, తర్వాత మళ్లీ అక్టోబరు, నవంబరు.

ఒమేగా సెంటారీ: ఫిబ్రవరి రెండోవారంలో తెల్లవారుజామున 4 గంటలు దాటాక, ఏప్రిల్ రెండోవారంలో అర్ధరాత్రి పన్నెండుంబావుకు, మే మధ్యలో రాత్రి 10 గంటల ప్రాంతంలో సరిగ్గా దక్షిణాన ఉంటుంది. ఏ నక్షత్రమైనా రోజుకు 4 నిమిషాలు ముందుగా వస్తుందని గుర్తుంచుకుంటే మిగతా తేదీలు మీరే లెక్కవేసుకోవచ్చు. హైదరాబాదు నుంచి ఇది 20 డిగ్రీలకు పైన ఉండేది సుమారు 4 గంటలే.

ఎం3, ఎం5, ఎం13: ఏప్రిల్, మే రాత్రులు. ఎం3 ముందు, ఎం13 చివర.

ఎం4: జ్యేష్ఠా నక్షత్రానికి పడమరగా 1.3 డిగ్రీల దూరంలో ఉంటుంది. వెతకడం ఇంతకన్నా తేలికైనది లేదు. మనకు బాగా దగ్గరి గ్లోబ్యులర్లలో ఇదొకటి, దూరం సుమారు 6,000 కాంతి సంవత్సరాలు.

ఎం22: ధనుస్సులో. మేలో అర్ధరాత్రి దాటాక, లేదంటే అక్టోబరు మొదట్లో చీకటి పడగానే నైరుతిలో. నన్నడిగితే ఎం13 కన్నా ఇదే బాగుంటుంది. ఉత్తర దేశాల్లో ఇది నేలబారున ఉంటుంది కాబట్టి దీనికి అంత పేరు రాలేదు. మనకు దాదాపు 49 డిగ్రీల ఎత్తుకు వస్తుంది.

ఎం15, ఎం2: అక్టోబరు, నవంబరు సాయంత్రాలు. నెల్లూరు వైపు అప్పుడు ఈశాన్య రుతుపవనాల వానలుంటాయి. తెలంగాణలో ఉన్నవాళ్లు ఈ నెలలు వదులుకోవద్దు.

కంటితో చూడడం

1. చోటు ఎంచుకోండి. ఎం13, ఎం3 నడినెత్తికి దగ్గరగా వెళ్తాయి కాబట్టి ఇంటి డాబా చాలు. ఒమేగాకు మాత్రం దక్షిణ దిక్కు ఖాళీగా ఉండాలి. ఊరు దాటి వెళ్లేటట్టయితే ఊరికి దక్షిణంగా వెళ్లండి. ఉత్తరంగా వెళ్తే మీ ఊరి వెలుగంతా సరిగ్గా మీరు చూడాల్సిన వైపే లేస్తుంది. ఇది తెలియక ఎంతో దూరం ప్రయాణం చేసి నిరాశపడేవాళ్లు చాలామంది. పొలాల్లో పెడుతుంటే ఆ పొలం వాళ్లకు ముందే చెప్పండి. అర్ధరాత్రి పొడుగాటి గొట్టంతో కనబడితే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఎండాకాలం పాములు తిరుగుతాయి, బూట్లు వేసుకోండి. అభయారణ్యం రోడ్ల మీద రాత్రిపూట ఆగకండి.

2. డాబాను చల్లబరచండి. ఏప్రిల్, మేలో కాంక్రీటు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. ఆ వేడిగాలి టెలిస్కోపు ముందు నుంచి లేస్తుంటే నక్షత్రాలు ఉడుకుతున్నట్టు కదులుతాయి. ఆరుబయట పడుకోవడానికి మన ఇళ్లల్లో సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లుతారు కదా, ఇక్కడా అదే చేయండి. 5, 6 గంటల మధ్య చల్లితే చీకటి పడేసరికి ఆరిపోతుంది. టెలిస్కోపు పెట్టేటప్పటికి తడి ఉండకూడదు. పెరట్లో మట్టి నేల గానీ గడ్డి గానీ ఉంటే డాబా వదిలేసి అక్కడే పెట్టండి. అన్నిటికన్నా అదే మంచిది.

3. టెలిస్కోపును గంట ముందు బయట పెట్టండి. ఏసీ గదిలోంచి తెచ్చారంటే అద్దం బయటి గాలికి అలవాటు పడాలి. బయట ఉక్కగా ఉంటే అద్దం మీద చెమ్మ కూడా పడుతుంది. అలా పడితే గుడ్డతో తుడవకండి, దానంతట అదే ఆరనివ్వండి.

4. కొలిమేషన్ (అద్దాలు ఒకే వరసలో ఉన్నాయా అన్నది) చూసుకోండి. రిఫ్లెక్టర్ వాడేవాళ్లు ఈ అడుగు దాటేస్తే తర్వాత ఎంత చేసినా చుక్కలు విడవవు. ఎత్తున ఉన్న ఒక ప్రకాశవంతమైన నక్షత్రాన్ని 100 పవర్‌కు పైన పెట్టి, ఫోకస్ కొంచెం తప్పించండి. వలయాలు కనిపిస్తాయి. అన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉంటే సరే. ఒక పక్కకు ఒరిగి ఉంటే పెద్ద అద్దం వెనక స్క్రూలు కొంచెం కొంచెంగా తిప్పుతూ, ప్రతిసారీ నక్షత్రాన్ని మధ్యకు తెచ్చి మళ్లీ చూడండి. దీనికి స్వాతి నక్షత్రం బాగుంటుంది. అయితే అది మన నడినెత్తి మీదుగా వెళ్తుంది, నిట్టనిలువుగా ఉన్నప్పుడు డాబ్సోనియన్ తిప్పడం నరకం. అది తూర్పున 50, 60 డిగ్రీల ఎత్తులో ఉండగానే ఈ పని ముగించండి.

5. కళ్లకు 20 నుంచి 30 నిమిషాల చీకటి ఇవ్వండి. ఈలోగా వాట్సాప్ చూశారంటే మళ్లీ మొదటికే. పక్కింటి ఎల్‌ఈడీ లైటు కంట్లో పడుతుంటే ఇందాక చెప్పిన తువ్వాలు తల మీదుగా ఐపీసు దాకా కప్పుకోండి. చూసేవాళ్లు నవ్వుతారు. కానీ సిటీలో ఇంతకు మించిన ఉపాయం నాకు తెలియదు.

6. తక్కువ పవర్‌తో వెతకండి. ఒమేగాకు దారి ఇది. చిత్తా నక్షత్రం, ఒమేగా దాదాపు ఒకే ఉత్తర దక్షిణ గీత మీద ఉంటాయి. చిత్త ఆకాశంలో తన ఎత్తు శిఖరానికి చేరి సరిగ్గా దక్షిణాన ఉన్నప్పుడు, దాని నుంచి నిట్టనిలువుగా కిందికి 36 డిగ్రీలు దిగండి. చెయ్యి బార్లా చాపి పిడికిలి పడితే సుమారు 10 డిగ్రీలు, అంటే మూడున్నర పిడికిళ్లు. అక్కడ బైనాక్యులర్ ఆడిస్తే గుండ్రటి మసక బంతి కనిపిస్తుంది. చీకటి ఊళ్లో అయితే ఉత్త కంటికే మసక నక్షత్రంలా తెలుస్తుంది. టాలెమీ దాన్ని నక్షత్రంగానే జాబితాలో రాశాడు. అది మామూలు నక్షత్రం కాదని 1677లో సెయింట్ హెలీనా దీవి నుంచి గమనించినవాడు ఎడ్మండ్ హేలీ. ఎం13ను 1714లో కనిపెట్టిందీ ఆయనే.

ఎం13కు: స్వాతి నుంచి అభిజిత్తు వైపు మూడింట రెండు వంతుల దూరం వెళ్తే నాలుగు నక్షత్రాల వంకర చతురస్రం ఉంటుంది. దాని పడమటి అంచున, ఉత్తరపు మూల నుంచి మూడో వంతు దిగండి. ఎం15కు: పెగసస్ మండలంలో థీటా నక్షత్రం నుంచి ఎనిఫ్ నక్షత్రానికి గీత గీసి, అదే గీతలో ఇంకో 4 డిగ్రీలు ముందుకు వెళ్లండి. అక్కడి నుంచి నేరుగా దక్షిణానికి 13 డిగ్రీలు దిగితే ఎం2. ఎం22కు: ధనుస్సులో టీపాట్ ఆకారం మూత మీది నక్షత్రం నుంచి ఈశాన్యంగా రెండున్నర డిగ్రీలు. ఎం5 కొత్తవాళ్లను కొంచెం ఏడిపిస్తుంది. స్వాతికి ఆగ్నేయంగా 23 డిగ్రీల దూరం, దగ్గర్లో ప్రకాశవంతమైన నక్షత్రం లేదు. ఫోనులో స్టెల్లేరియం అనే ఆకాశపటం యాప్ పెట్టుకుని వెతకండి.

7. ఇప్పుడు పవర్ పెంచండి. చాలామంది ఈ అడుగు దాకా రారు. 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపులో 25 మి.మీ. ఐపీసు 48 పవర్ ఇస్తుంది (1200ను 25తో భాగిస్తే). అందులో మచ్చే కనిపిస్తుంది. 10 మి.మీ. పెట్టండి, 120. 8 మి.మీ. పెడితే 150. పవర్ పెంచినకొద్దీ ఆకాశపు వెలుగు పలచబడుతుంది, నక్షత్రం మాత్రం చుక్కగానే ఉండి దాని వెలుగు నిలబడుతుంది. అందుకే గెలాక్సీల విషయంలో ఇబ్బంది పెట్టే పవర్ ఇక్కడ మేలు చేస్తుంది. ఎం13, ఎం22లకు 120 నుంచి 180 మధ్య ప్రయత్నించండి. గాలి కుదురుగా ఉంటే 200 దాటండి. ఒమేగా విషయం వేరు. అది పూర్ణచంద్రుడి కన్నా వెడల్పు, 120 పవర్‌లో మామూలు ఐపీసులో పట్టదు. ముందు తక్కువ పవర్‌లో మొత్తం చూసి, తర్వాత పెంచి ముక్కలుగా తిరగండి.

8. ఓరచూపుతో చూడండి. క్లస్టర్ మధ్యలోకి గుచ్చి చూడకుండా చూపును కొంచెం పక్కకు పెట్టండి. అంచుల్లో చుక్కలు ముందు మెరిసి మాయమవుతుంటాయి, తర్వాత నిలబడతాయి. టెలిస్కోపును వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసక వస్తువును కన్ను ఇంకా బాగా పసిగడుతుంది. ఒక్కో క్లస్టర్ దగ్గర కనీసం 10 నిమిషాలు కూర్చోండి. మొదటి నిమిషంలో కనిపించేదానికీ పదో నిమిషంలో కనిపించేదానికీ పోలికే ఉండదు. బాగా కుదిరిన రాత్రి ఎం22 నల్లగుడ్డ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు ఉంటుంది.

దోమల క్రీము రాసుకున్న వేళ్లతో ఐపీసు ముట్టుకోకండి. వాటిలో కొన్ని ప్లాస్టిక్కును, గాజు మీది పూతను పాడుచేస్తాయి. ఫిబ్రవరిలో తెల్లవారుజామున చూసేవాళ్లకు ఇంకో హెచ్చరిక: సూర్యోదయానికి ముందే టెలిస్కోపుకు మూత పెట్టేయండి. పొరపాటున సూర్యుడి వైపు తిరిగి ఉన్నప్పుడు ఎవరైనా కన్ను పెడితే చూపు పోతుంది. ఇంట్లో పిల్లలుంటే మరీ జాగ్రత్త.

నిజంగా చుక్కలే చూస్తున్నానా?

మనసు చాలా మోసం చేస్తుంది. చుక్కలుంటాయని తెలుసు కాబట్టి ఉన్నట్టే అనిపిస్తుంది. పరీక్షించే దారి ఉంది. కాగితం మీద వృత్తం గీసి, మీకు స్పష్టంగా నిలబడిన ఐదారు చుక్కల స్థానాలు పెన్సిల్‌తో పెట్టండి. పది నిమిషాలు విరామం తీసుకుని, ఆ కాగితం చూడకుండా ఇంకో కాగితం మీద మళ్లీ పెట్టండి. రెండూ కలిస్తే అవి నిజం చుక్కలే. మర్నాడు ఏదైనా మంచి ఫోటోతో పోల్చండి. రిఫ్లెక్టర్‌లో బొమ్మ తలకిందులుగా ఉంటుంది కాబట్టి కాగితం తిప్పి చూడాలి.

చుక్కలేవీ విడకపోతే ఈ వరసలో అనుమానించండి: ఫోకస్, కొలిమేషన్, వేడిగాలి, తక్కువ పవర్, ఆ తర్వాతే టెలిస్కోపు సైజు. ఎం13లో అన్నిటికన్నా ప్రకాశవంతమైన నక్షత్రాలు 12వ మాగ్నిట్యూడ్ దగ్గర ఉంటాయి (మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె పెరిగినకొద్దీ నక్షత్రం మసక). ఎం4, ఎం22లలో 11 దాకా ఉంటాయి. కాబట్టి చిన్న టెలిస్కోపు ఉన్నవాళ్లు ఎం13తో కుస్తీ పట్టే బదులు ఎం22తో మొదలుపెట్టండి. ఎం4 మాత్రం సిటీలో మోసం చేస్తుంది. దాని వెలుగు పరుచుకుని ఉంటుంది కాబట్టి మచ్చే సరిగా కనపడదు. "జ్యేష్ఠ పక్కన ఏమీ లేదు" అని చాలామంది వదిలేస్తారు. పవర్ 80కి పెంచి అక్కడే ఆగి చూడండి. మధ్యలో నిలువుగా ఒక చుక్కల వరస తేలుతుంది.

ఫోటో తీయడం

మూడు దారులున్నాయి. మీ దగ్గర ఉన్నదాన్ని బట్టి ఎంచుకోండి.

*ఫోనుతో.* ఐపీసుకు బిగించే ఫోను అడాప్టర్ కావాలి. చేత్తో పట్టుకుంటే కుదరదు. 25 మి.మీ. ఐపీసు పెట్టి, కెమెరా ప్రో మోడ్‌లో ఐఎస్‌ఓ (కెమెరా వెలుగు పట్టే చురుకు) 1600 నుంచి 3200, 3 సెకన్ల టైమరు పెట్టండి. ఫోకస్ ఆటోలో వదలకండి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రం మీద సరిచేసి లాక్ చేయండి. డాబ్సోనియన్‌కు మోటారు ఉండదు. నక్షత్రాలు సెకనుకు 15 ఆర్క్ సెకన్ల దాకా (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) జరుగుతుంటాయి, కాబట్టి అర సెకను దాటితే గీతలవుతాయి. పావు సెకనువి వంద తీసి, తర్వాత కంప్యూటర్‌లో ఒకే బొమ్మగా కలపండి (ఎలాగో కింద చెబుతాను). నైట్ మోడ్ వాడకండి. ఫోను తన తెలివితో చుక్కలన్నిటినీ నున్నగా అలికేస్తుంది.

*స్మార్ట్ టెలిస్కోపుతో.* తనంతట తానే గురి పట్టి ఫోటో తీసే సీస్టార్ ఎస్50 లాంటివి ఈమధ్య మనవాళ్ల దగ్గర చాలా కనిపిస్తున్నాయి. 50 మి.మీ. లెన్సే అయినా ఒమేగాను బాగానే తీస్తుంది. 10 సెకన్ల ఎక్స్‌పోజర్‌లోనే ఉంచండి, 30కి పోకండి. అరగంట నుంచి గంట తీయండి. ఎం3, ఎం13 లాంటివి 70 డిగ్రీలకు పైన ఉన్నప్పుడు ఆల్ట్ అజిమత్ పద్ధతిలో (టెలిస్కోపు పైకీ కిందికీ, పక్కలకూ మాత్రమే తిరిగే తీరు) బొమ్మ వేగంగా తిరిగిపోతుంది, మూలల్లో చుక్కలు సాగుతాయి. అవి తూర్పున 40 నుంచి 65 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు తీస్తే ఈ బాధ ఉండదు. ఇందులో వచ్చే తయారు బొమ్మతో సరిపెట్టుకోకండి. విడి ఫ్రేములు కూడా దాచుకోమని సెట్టింగ్ పెట్టి, కంప్యూటర్‌లో మీరే కలపండి. తేడా మీకే తెలుస్తుంది.

*ఈక్వటోరియల్ మౌంట్, కెమెరాతో.* ఇది ఆకాశం తిరిగే అక్షానికి సమాంతరంగా పెట్టి, మోటారుతో నక్షత్రాలను వెంబడించే స్టాండు. వివరంగా చెప్పాల్సింది దీని గురించే.

1. పోలార్ అలైన్‌మెంట్, అంటే మౌంట్ అక్షాన్ని ధ్రువం వైపు సరిచేయడం. మనకు ధ్రువ నక్షత్రం హైదరాబాదులో 17 డిగ్రీల ఎత్తులో, తిరుపతిలో 14 కూడా లేకుండా ఉంటుంది. పక్క అపార్టుమెంటు వెనకో, మసకలోనో దాగి ఉంటుంది. కనపడకపోతే టెన్షన్ పడకండి. నినా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో త్రీ పాయింట్ పోలార్ అలైన్‌మెంట్ ఉంది, ఆకాశంలో ఏ భాగం కనిపించినా దాంతో పని జరుగుతుంది. ఇంకో ఇబ్బంది చాలామందికి ముందు తెలియదు. చాలా మౌంట్లు ఎత్తు అక్షాంశాల వాళ్ల కోసం చేసినవి. మన అక్షాంశానికి వంచితే బరువులు వేసే రాడ్డు ట్రైపాడ్ కాలికి తగలొచ్చు. మోటారు వేయకముందే పగటిపూట చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి. తగిలితే ట్రైపాడ్‌ను తిప్పి, ఉత్తరం వైపు కాలు కాకుండా రెండు కాళ్ల మధ్య ఖాళీ వచ్చేలా పెట్టండి.

2. ఫోకస్. బాటినోవ్ మాస్క్ (టెలిస్కోపు మూతికి పెట్టే గాట్ల పలక, నక్షత్రం చుట్టూ మూడు గీతలు చూపిస్తుంది) వాడండి. మూడు గీతల్లో నడిమిది సరిగ్గా మధ్యన ఉండాలి. ఎండాకాలం రాత్రి చల్లబడుతున్నకొద్దీ ఫోకస్ జరుగుతుంది. గంటకోసారి మళ్లీ చూసుకోండి. మాస్క్ తీయడం మరిచిపోయి గంటసేపు తీసినవాళ్లు లేకపోలేదు.

3. ఎక్స్‌పోజర్. ఎఫ్/5 టెలిస్కోపు (ఫోకల్ లెంగ్త్ వెడల్పుకు 5 రెట్లున్నది), డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే ఐఎస్‌ఓ 800, 30 సెకన్లతో మొదలుపెట్టండి. ఒక్క ఫ్రేము తీసి, రా ఫైలును (కెమెరా మార్పులేవీ చేయకుండా దాచిన ఫైలు) 100 శాతం సైజులో తెరిచి క్లస్టర్ మధ్య భాగం చూడండి. చుక్కలు విడివిడిగా తెలుస్తున్నాయా, తెల్లటి ముద్దగా ఉందా? ముద్దయితే సగానికి తగ్గించి మళ్లీ చూడండి. 10 సెకన్లకు దిగాల్సి వచ్చినా సందేహించకండి. పొడుగు ఎక్స్‌పోజర్ వల్ల వచ్చే లాభం ఎక్కువ ఫ్రేముల వల్ల కూడా వస్తుంది, కానీ ఒకసారి తెల్లబడిన కేంద్రంలో చుక్కలను ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కెమెరా తెరమీద కనిపించే బొమ్మను నమ్మకండి. అది సాగదీసి (మసక భాగాల వెలుగు పెంచి) చూపించే జేపెగ్, మామూలుగా ఉన్నదాన్నీ తెల్లగా చూపిస్తుంది. మీ మౌంట్ 30 సెకన్లు నిలబడకపోయినా ఈ క్లస్టర్లకు ఇబ్బంది లేదు. గైడింగ్ (ఇంకో కెమెరాతో మౌంట్ కదలికను సరిచేస్తూ ఉండడం) లేకుండా కూడా మంచి ఫోటో వచ్చే గురి ఇది.

4. ఎన్ని ఫ్రేములు? సిటీ నుంచి మొత్తం కలిపి ఒక గంట. చీకటి ఊళ్లో అరగంటకే బాగుంటుంది. ఒమేగాను మాత్రం అది సరిగ్గా దక్షిణాన ఉండే సమయానికి ఒక గంట ముందు నుంచి ఒక గంట తర్వాత దాకానే తీయండి. అంతకన్నా కిందికి దిగితే దుమ్ము, మసక, చుక్కల మిణుకు ఎక్కువై మంచి ఫ్రేములను కూడా పాడుచేస్తాయి.

5. డార్కులు, ఫ్లాట్లు. డార్కులు (నాయిస్ తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) 20 నుంచి 30, అదే రాత్రి, అదే ఎక్స్‌పోజర్‌తో తీయండి. మే రాత్రుల్లో 30 డిగ్రీలకు పైన ఉండే వేడికి డీఎస్‌ఎల్‌ఆర్ సెన్సర్‌లో నాయిస్ బాగా పెరుగుతుంది, డిసెంబరులో తీసి దాచుకున్న డార్కులు అప్పుడు పనికిరావు. కూలింగ్ ఉన్న కెమెరా అయితే మైనస్ 20 అని పెట్టుకోకండి. మన వేసవిలో అది అక్కడికి చేరక రాత్రంతా అవస్థ పడుతుంది. 0 డిగ్రీలు పెట్టండి, చాలు. ఫ్లాట్లు (దుమ్ము మచ్చలు, మూలల చీకటి సరిచేయడానికి ఒకే తీరు వెలుగులో తీసే ఫ్రేములు) సాయంత్రం ఆకాశం వైపు టెలిస్కోపు మూతికి తెల్ల బనీను బిగించి తీయొచ్చు. అయితే కెమెరాను ఆ తర్వాత కదపకూడదు.

6. కలపడం. సిరిల్ గానీ, డీప్ స్కై స్టాకర్ గానీ వాడండి, రెండూ ఉచితమే. ముందు చుక్కలు సాగిన ఫ్రేములు తీసేయండి. కలిపాక అంచులు కత్తిరించి, బ్యాక్‌గ్రౌండ్ సరిచేసి, రంగు సరిచేయండి. సాగదీయడానికి సిరిల్‌లో ఆసిన్హ్ పద్ధతి వాడితే నక్షత్రాల రంగులు నిలుస్తాయి. కొంచెం కొంచెంగా, మధ్య భాగం మీద కన్నేసి సాగదీయండి. ఒమేగా తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి గాలి పొర ప్రిజంలా పనిచేసి చుక్కలకు ఒక పక్క ఎరుపు, ఒక పక్క నీలం అంచు వస్తుంది. మూడు రంగుల పొరలను విడదీసి ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చే ఆప్షన్ సిరిల్‌లో ఉంది. అది వాడితే చుక్కలు ఒక్కసారిగా చిన్నవవుతాయి.

చేయకూడనివి: చుక్కలను తగ్గించే టూల్స్ వాడకండి, ఇక్కడ చుక్కలే గదా బొమ్మ. షార్పెనింగ్ ఎక్కువైతే ప్రతి చుక్క చుట్టూ నల్ల వలయం వస్తుంది. ఆకాశాన్ని కటిక నలుపు చేస్తే అంచుల్లోని సన్న చుక్కలన్నీ పోయి క్లస్టర్ సగానికి కుంచించుకుపోతుంది. ముదురు బూడిద రంగులో వదిలేయండి.

ఫోటో బాగా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

రంగు చూడండి. ప్రకాశవంతమైన చుక్కలు పసుపు, నారింజ రంగుల్లో, మధ్య మధ్య కొన్ని నీలంగా ఉండాలి. అన్నీ తెల్లగా ఉంటే ఎక్స్‌పోజర్ గానీ, సాగదీయడం గానీ మితిమీరినట్టు. మూలల్లో చుక్కలు గుండ్రంగా ఉన్నాయా? అన్నీ ఒకే వైపు సాగితే ట్రాకింగ్ తప్పు, మూలల్లోనే బయటివైపు సాగితే లెన్సు లేదా కోమా (అంచుల్లో చుక్కలకు తోక వచ్చే దోషం) సమస్య, మూలమూలకూ వేరుగా ఉంటే కెమెరా వంకరగా బిగించినట్టు.

ఎం13 తీసినవాళ్లకు మంచి పరీక్ష ఉంది. క్లస్టర్‌కు ఈశాన్యంగా సుమారు అర డిగ్రీ దూరంలో ఎన్‌జీసీ 6207 అనే చిన్న గెలాక్సీ ఉంది, మాగ్నిట్యూడ్ 11.6. మీ బొమ్మలో చిన్న గీతలా అది కనిపిస్తే లోతు బాగా వచ్చింది. క్లస్టర్ మధ్యకు కొంచెం ఆగ్నేయంగా మూడు సన్నటి చీకటి గీతలు కలిసే చోటు ఉంటుంది, ప్రొపెల్లర్ అంటారు. అది తెలుస్తుంటే మీ మధ్య భాగం తెల్లబడలేదన్న మాట.

ఇంతవరకు కుదిరినవాళ్లకు ఎం3తో ఒక సరదా పని. అందులో వెలుగు మారే నక్షత్రాలు 200కు పైగా ఉన్నాయి. ఎక్కువ భాగం ఆర్ఆర్ లైరే రకం, సుమారు అర రోజుకోసారి వెలుగు పెరిగి తగ్గుతుంటాయి. ఏప్రిల్‌లో ఒకే రాత్రి 10 గంటలకు 15 నిమిషాలు, మళ్లీ 2 గంటలకు 15 నిమిషాలు ఎం3ను తీయండి. మరీ కేంద్రం వదిలేయండి, అంచులు చాలు. ఈ నక్షత్రాలు 15, 16 మాగ్నిట్యూడ్‌ల మధ్య ఉంటాయి కాబట్టి ఇక్కడ మాత్రం ఎక్స్‌పోజర్ 60 సెకన్లకు పెంచొచ్చు. రెండు బొమ్మలను ఒకేలా సాగదీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాన్ని ఆన్, ఆఫ్ చేస్తూ చూడండి. కొన్ని చుక్కలు కన్ను కొడతాయి. అవి నిజంగా మారినవేనా అని నిర్ధారించుకోవడానికి చుట్టుపక్కల చుక్కలను చూడండి. అవన్నీ కదలకుండా ఉండి అదొక్కటే మారితే దొరికినట్టే. అన్నీ కలిసి మారితే సన్నటి మబ్బు అడ్డొచ్చిందని అర్థం.

చివరిగా, 47 టుకానే ఎందుకు చెప్పలేదని అడిగేవాళ్లకు. ఒమేగా తర్వాత అంత గొప్ప గ్లోబ్యులర్ అదే, నిజమే. కానీ హైదరాబాదులో అది దిగంతానికి అర డిగ్రీ పైకే వస్తుంది, తిరుపతిలో 4 డిగ్రీలు దాటి కొంచెం. అంత కింద దుమ్ము తప్ప ఏమీ కనపడదు. అక్టోబరు నవంబరు రాత్రుల్లో దాని కోసం దక్షిణానికి మెడ సాచే బదులు టెలిస్కోపును ఎం15 మీదికి తిప్పండి. 65 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది, దాని కేంద్రం బాగా ఇరుకు కాబట్టి ఎక్స్‌పోజర్ 10 సెకన్ల దగ్గరే మొదలుపెట్టండి.